మూడు వేల మీటర్ల లోతు నుంచి నీళ్లు తెచ్చే ఉద్యోగం

అక్టోబరు వచ్చిందంటే మన ఫోన్లకు పని పెరుగుతుంది. బంగాళాఖాతంలో అల్పపీడనం, రెండ్రోజులకి వాయుగుండం, ఆ తర్వాత తుఫాను. వాట్సాప్ గ్రూపుల నిండా ఎరుపు, నారింజ రంగుల మ్యాపులు. ఎక్కడ తీరం దాటుతుందో, కరెంటు ఎన్ని రోజులు పోతుందో అని అందరం జ్యోతిష్యం చెప్పేసుకుంటాం.

ఆ మ్యాపులో రంగులు ఎలా వచ్చాయని ఎప్పుడైనా ఆలోచించారా? సముద్రం పైన నీళ్లు ఎంత వేడిగా ఉన్నాయో ఉపగ్రహం చూసి చెప్తుంది. కానీ దానికి కనిపించేది పైపొర మాత్రమే. యాభై మీటర్ల కింద ఏముందో, ఐదొందల మీటర్ల కింద ఏముందో దానికి తెలీదు. తుఫానుకి మాత్రం అదే కావాలి. గాలి గట్టిగా వీచి నీళ్లని కలియబెట్టినప్పుడు కిందనుంచి చల్లనీళ్లు పైకొస్తే తుఫానుకి మేత తగ్గుతుంది. వేడినీళ్లే వస్తే దానికి పండగే.

మన బంగాళాఖాతంలో ఇంకో తిరకాసుంది. గంగ, బ్రహ్మపుత్ర, మహానది, గోదావరి, కృష్ణ అన్నీ తెచ్చి ఇందులోనే పోస్తాయి. పైనుంచి వాన. ఉప్పు తక్కువున్న ఆ తేలిక నీళ్లు పైన మూతలా పరుచుకుంటాయి. కింది నీళ్లు అంత తేలిగ్గా పైకి రావు. ఆ మూత ఎంత మందం, దాని కింద ఎంత వేడి దాక్కుంది అన్నది తెలియాలంటే ఎవరో ఒకరు అక్కడికి వెళ్లి, తాడు కట్టి, పరికరాన్ని నీళ్లలోకి దింపాలి.

ఆ 'ఎవరో ఒకరి'లో కొన్నాళ్లు నేనూ ఉన్నాను. ప్రాజెక్టు అసిస్టెంటుగా పరిశోధన ఓడల మీద మూడుసార్లు సముద్రంలోకి వెళ్లాను. 'అంటే డాల్ఫిన్లు చూస్తూ ఉంటారా?' అని అడిగినవాళ్లు చాలామంది. చూశాం, కాదనను. మిగతా టైములో ఏం చేశామో ఈ వారం చెప్తాను.

ఓడ అంటే ఏ ఓడ?

మన దేశానికి ఈ పనికోసమే కట్టించిన ఓడలు కొన్ని ఉన్నాయి. పేరు ఎక్కువ వినపడేది సాగర్ కన్య. 1983లో జర్మనీలో తయారైంది, పొడవు వంద మీటర్లు. తర్వాత ఇటలీలో కట్టిన సాగర్ నిధి. గోవాలోని జాతీయ సముద్ర విజ్ఞాన సంస్థకి సింధు సాధన ఉంది. అది 80 మీటర్ల ఓడ, మన దేశంలోనే కట్టారు, 2014లో పనిలోకి వచ్చింది. వీటన్నిటికీ పెద్దక్క గవేషణి. వేరే పని కోసం కట్టిన దాన్ని మార్చి పరిశోధన ఓడ చేశారు. 1981 జనవరి 26న అరేబియా సముద్రం అడుగు నుంచి మాంగనీసు ముద్దల్ని పైకి తెచ్చింది ఆ ఓడే.

మన తెలుగువాళ్ల వాటా కూడా పాతదే. 1950ల మొదట్లో యూజీన్ లాఫాండ్ అనే అమెరికన్ శాస్త్రవేత్త వాల్తేరు వచ్చారు. ఆంధ్రా యూనివర్సిటీ వాళ్లతో కలిసి, నౌకాదళం ఓడల మీద మన తీరాన్ని కొలిచారు. ఆ కొలతల్లో విశాఖ దగ్గర సముద్రం అడుగున లోయలు బయటపడ్డాయి. వాటికి ఆంధ్రా, కృష్ణా, మహదేవన్ అని పేర్లు పెట్టారు. మహదేవన్ గారు అప్పటి యూనివర్సిటీ జియాలజీ ప్రొఫెసరు. ఆర్కే బీచ్‌లో మొక్కజొన్న తింటూ మనం చూసే నీళ్ల కిందే ఇదంతా.

ఇలాంటి ఓడలో రెండు జాతుల మనుషులుంటారు. ఒకళ్లు సైన్సువాళ్లు. చీఫ్ సైంటిస్టు, ఆయన కింద శాస్త్రవేత్తలు, పీహెచ్‌డీ విద్యార్థులు, నాలాంటి ప్రాజెక్టువాళ్లు. రెండోవాళ్లు ఓడవాళ్లు. కెప్టెన్, ఆఫీసర్లు, ఇంజినీర్లు, డెక్కు మీద సరంగు, ఆయన కింద కళాసీలు, వంటవాళ్లు. ఎక్కడికి వెళ్లాలో చీఫ్ సైంటిస్టు చెప్తారు. వెళ్లొచ్చా లేదా అన్నది కెప్టెన్ చెప్తారు. రెండో మాటే చివరి మాట.

మొదటి మూడు రోజులు

ఓడ ఎక్కగానే ముందు చెప్పేది సైన్సు కాదు, ప్రాణం. ఏడు పొట్టి కూతలు, ఒక పొడుగు కూత వినిపిస్తే చేతిలో ఏమున్నా పడేసి లైఫ్ జాకెట్ వేసుకుని చెప్పిన చోటికి రావాలి. మొదటిరోజే డ్రిల్లు. డెక్కు మీదికి హెల్మెట్, సేఫ్టీ షూస్, జాకెట్ లేకుండా వస్తే సరంగు గారు ఎవర్నీ వదలరు. డైరెక్టరైనా ఒకటే, ఇంటర్నైనా ఒకటే.

తర్వాత ల్యాబులో కట్టేసే కార్యక్రమం. కంప్యూటర్, మైక్రోస్కోపు, సీసాల ట్రేలు, కుర్చీలు, ప్రింటర్ అన్నిటినీ తాళ్లతో టేబుళ్లకి బిగించాలి. హార్బర్‌లో ఉన్నప్పుడు ఇదంతా అతి జాగ్రత్త అనిపిస్తుంది. హార్బర్ దాటిన గంటకి, కట్టని టీ కప్పు ఒక్కటి గదంతా తిరిగొచ్చినప్పుడు అర్థమవుతుంది.

ఆ వెంటనే వాంతులు. ఇందులో పెద్దా చిన్నా లేదు. ఇరవై ఏళ్లుగా సముద్రంలో తిరిగిన శాస్త్రవేత్త కూడా మొదటిరోజు మంచం దిగకపోవచ్చు. మాది కాకినాడ, సముద్రం పక్కనే పుట్టానని నాకో ధీమా ఉండేది. సముద్రానికి ఆ సంగతి ఎవరూ చెప్పలేదు. మాత్ర వేసుకోవడం, పొట్ట ఖాళీగా ఉంచకపోవడం, దిగంతం వైపు చూడటం, ఓడ మధ్యభాగంలో ఉండటం, ఇవీ అందరూ చెప్పే చిట్కాలు. నాకు పనిచేసింది పొడి బిస్కెట్లు, మా అమ్మ పెట్టిన నిమ్మకాయ పచ్చడి. మూడోరోజుకి ఒళ్లు అలవాటు పడుతుంది. నడక మారిపోతుంది. తిరిగొచ్చాక ఇంట్లో బాత్రూమ్ కూడా ఊగుతున్నట్టే ఉంటుంది కొన్నాళ్లు.

ఒక స్టేషన్ అంటే

మ్యాపు మీద ముందే చుక్కలు పెట్టుకుంటాం. ఒక్కో చుక్క ఒక స్టేషన్. అక్కడ చూస్తే బోర్డుండదు, స్తంభం ఉండదు. అన్ని వైపులా ఒకేలాంటి నీళ్లు. 10 నుంచి 12 నాట్ల వేగంతో, అంటే ఊళ్లో స్కూటీకంటే నెమ్మదిగా వెళ్లి ఓడ ఆ చుక్క మీద ఆగుతుంది. పగలైనా ఒకటే, రాత్రి రెండైనా ఒకటే. ఓడ ఖర్చు రోజుకి లక్షల్లో ఉంటుంది కాబట్టి దాన్ని నిద్రపోనివ్వరు. మేం వంతుల్లో పడుకుంటాం. నా వంతు 12 నుంచి 4. మధ్యాహ్నం ఒకసారి, అర్ధరాత్రి ఒకసారి.

ప్రధాన పరికరం పేరు సీటీడీ. నీటిలో కరెంటు ఎంత తేలిగ్గా పారుతుంది, వేడి ఎంత, లోతు ఎంత అన్నవి కొలుస్తుంది. కరెంటు పారే తీరుని బట్టి ఉప్పు లెక్క తేలుతుంది. దాని చుట్టూ గుండ్రటి ఉక్కు చట్రంలో పొడుగాటి ప్లాస్టిక్ గొట్టాలు నిలబెట్టి ఉంటాయి, పన్నెండో, ఇరవైనాలుగో. రెండు మూతలూ తెరిచి కిందికి పంపుతాం. ఉక్కు తీగ లోపల కరెంటు వైరు ఉంటుంది కాబట్టి కింద కొలిచింది కొలిచినట్టు ల్యాబులో తెర మీద గీతలా కనిపిస్తుంది. పైకి తెచ్చేటప్పుడు కావలసిన లోతులో ఆపి, కంప్యూటర్‌లో ఒక్క నొక్కు నొక్కితే ఒక గొట్టం మూతలు టప్పున మూసుకుంటాయి. ఆ లోతు నీళ్లు అందులో బందీ.

సెకనుకి సుమారు ఒక మీటరు చొప్పున దింపుతారు. 3,000 మీటర్లంటే దిగడానికి యాభై నిమిషాలు, ఎక్కడానికి యాభై నిమిషాలు, మధ్యలో ఆగిన టైము అదనం. రెండు గంటలు దాటుతుంది. పైన 29 డిగ్రీలున్న నీళ్లు అడుగుకి వచ్చేసరికి రెండు డిగ్రీల దగ్గరికి పడిపోతాయి. అక్కడ పైనున్న నీటి బరువు మన గాలి ఒత్తిడికి మూడొందల రెట్లు. సరదాకి థర్మోకోల్ కప్పుల మీద పేర్లు రాసి సంచిలో పెట్టి చట్రానికి కట్టి పంపుతారు. టీ కప్పుగా వెళ్లింది బొటనవేలంత అయి తిరిగొస్తుంది. అక్షరాలు కూడా దానితోపాటే చిన్నవైపోతాయి. నా దగ్గర ఇంకా ఒకటుంది, అందులో గుండుసూదులు వేసుకుంటున్నా.

నీళ్ల దగ్గర క్యూ

చట్రం డెక్కు మీదికి రాగానే దాని చుట్టూ మూగుతాం. ఇక్కడ క్యూ చాలా కచ్చితం. ముందు ఆక్సిజన్ కొలిచేవాళ్లు. ఎందుకంటే మూత తీసిన క్షణం నుంచీ బయటి గాలి నీళ్లలో కలిసిపోతుంది. తర్వాత కార్బన్ డయాక్సైడు వాళ్లు, తర్వాత నైట్రేటు, ఫాస్ఫేటు వంటి పోషకాల వాళ్లు, చివర్లో ఉప్పు చూసేవాళ్లు. ఉప్పు ఎక్కడికీ పారిపోదు కాబట్టి వాళ్లు ఆగొచ్చు. సీసాని అదే నీళ్లతో కడిగి, గాలి బుడగ లేకుండా నింపాలి. ఒక్క బుడగ మిగిలినా ఆ సీసా పనికిరాదు. అర్ధరాత్రి, ఊగుతున్న డెక్కు మీద, చల్లటి నీళ్లు మోచేతుల్నుంచి కారుతుంటే చేసే పని ఇది.

ఆక్సిజన్ కొలిచే పద్ధతి 1888 నాటిది. వింక్లర్ అనే హంగేరీ రసాయన శాస్త్రవేత్త కనిపెట్టారు. రెండు మందులు కలిపితే నీళ్లలో గోధుమరంగు మడ్డి ఏర్పడుతుంది. తర్వాత ఆమ్లం, గంజిపిండి నీళ్లు, నీలం రంగు. బొట్టుబొట్టుగా ఇంకో మందు వేస్తూ పోతే నీలం ఒక్కసారిగా మాయమవుతుంది. ఎన్ని బొట్లు పట్టాయో దాన్ని బట్టి ఆక్సిజన్ ఎంతో తెలుస్తుంది. ఇంటర్ కెమిస్ట్రీ ల్యాబు గుర్తొచ్చిందా? అదే. టేబుల్ ఊగడం ఒక్కటే తేడా.

బంగాళాఖాతంలో దాదాపు 100 నుంచి 600 మీటర్ల మధ్య ఆక్సిజన్ దాదాపు ఉండదు. ఆ లోతు సీసా వచ్చినప్పుడు గోధుమరంగు మడ్డి కట్టదు, తెల్లగానే ఉండిపోతుంది. మొదటిసారి చూసినప్పుడు ఒళ్లు జలదరించింది. పైన చేపలు, కింద చేపలు, మధ్యలో ఊపిరాడని పొర. 2017లో నేచర్ జియోసైన్స్‌లో వచ్చిన ఒక పరిశోధన ప్రకారం ఆ పొరలో ఇంకా అతి కొద్దిగా ఆక్సిజన్ మిగిలే ఉంది. ఆ కొద్దిపాటి కూడా పోతే అక్కడి సూక్ష్మజీవుల బతుకు మారిపోతుంది. సముద్రంలోని నత్రజని పోషకాలు గాలిలోకి తప్పించుకోవడం మొదలవుతుంది. అంటే ఆ 'కొద్దిగా' ఎంతుందో అన్నది బోలెడు విలువైన అంకె. ఏడాదికేడాది వెళ్లి, అదే చోట, అదే జాగ్రత్తతో కొలిస్తేనే అది తగ్గుతోందో లేదో తెలుస్తుంది.

దింపని సీటీడీ

ఇప్పుడు ఒక రాత్రి సంగతి. ఓడ పేరు, మనుషుల పేర్లు వద్దు.

నా క్యాబిన్‌లో ఉన్న అమ్మాయి బెంగాల్ నుంచి వచ్చిన పీహెచ్‌డీ స్కాలర్. తన సిద్ధాంతమంతా ఈ ఆక్సిజన్ గీత మీదే. దక్షిణం నుంచి ఉత్తరానికి ఒకే వరుసలో చుక్కలు. వాటిలో ఒకటి తనకి ప్రాణం. పై మూత పలచగా ఉన్నచోటు నుంచి మందంగా ఉన్నచోటుకి మారేది అక్కడే అని తన లెక్క. ఓడలో చోటు కోసం ఏడాదిన్నర ఎదురుచూసింది.

ఆ స్టేషన్‌కి చేరేసరికి రాత్రి రెండున్నర. సాయంత్రం నుంచే గాలి పెరిగింది. అలలు పక్కనుంచి కొడుతున్నాయి. చట్రాన్ని క్రేన్ లేపింది. అది అటూ ఇటూ ఊగకుండా చెరో పక్క ఒక కళాసీ తాడు పట్టుకుని నిలబడ్డాడు. నీళ్లు నిండకముందే దాని బరువు కొన్ని వందల కిలోలు. ఓడ ఒక్కసారి పక్కకి ఒరిగింది. చట్రం డెక్కు అంచు దాటి ఊగి వెనక్కొచ్చింది. ఒక కుర్రాడి కాలు జారింది. తాడు మాత్రం వదల్లేదు. గ్లవ్ ఉన్నా అరచెయ్యి ఒరుసుకుపోయింది.

సరంగు గారిది శ్రీకాకుళం పక్క. తెలుగువాణ్నని నన్ను 'తల్లీ' అని పిలిచేవారు, నేను 'బాబాయ్' అనేదాన్ని. చెయ్యి పైకెత్తి పిడికిలి బిగించారు. ఆపమని సైగ. విన్చి ఆగింది. చట్రం డెక్కు మీదికి వచ్చి, గొలుసులు పడేదాకా ఆయన ఒక్క మాట మాట్లాడలేదు.

చీఫ్ సైంటిస్టు సార్ వచ్చారు. గంట ఆగి చూద్దామన్నారు. ఆగాం. గాలి తగ్గలేదు. నాలుగింటికి నేను సరంగు గారి దగ్గరికెళ్లి, 'బాబాయ్, ఒక్క ఐదొందల మీటర్లు దింపినా చాలంట. ఆ అమ్మాయికి ఇదే ముఖ్యమైన చోటు' అన్నాను.

'నాకు తెలీదేటి తల్లీ' అన్నారాయన. 'నిన్న మద్దేనం నుంచి ఆ పిల్ల పదిసార్లు వచ్చి మబ్బు సూసుకుని ఎల్లింది. దింపడం ఎంతసేపు, దింపీగలం. ఎత్తినప్పుడే వొస్తాది గొడవ. ఆ గుర్రోడికి కిందటేడే పెళ్లయింది.'

ఐదున్నరకి కెప్టెన్ నిర్ణయం చెప్పారు. తర్వాతి స్టేషన్లకి టైము చాలదు, కదులుతున్నాం. ఓడ తిరిగింది. ఆ అమ్మాయి డెక్కు వెనక నిలబడి ఓడ చేసిన నురగ చారని చాలాసేపు చూసింది. ఏడ్చిందో లేదో నేను అడగలేదు. పొద్దున మెస్‌లో ఆ కుర్రాడి చేతికి కట్టుంటే, ఎడం చేత్తో పూరీ చింపుకోడానికి కష్టపడుతున్నాడు. వెళ్లి వాడి పక్కన కూర్చుని చింపి పెట్టింది.

ఒడ్డుకొచ్చాక ఒక సలహా వచ్చింది. అటు స్టేషన్, ఇటు స్టేషన్ రెండిటి అంకెలూ కలిపి సగటు తీసి మధ్యలో పెడితే గీత నున్నగా వస్తుంది కదా అని. చాలా గ్రాఫుల్లో చుక్కకీ చుక్కకీ మధ్య కంప్యూటర్ అలాగే గీస్తుంది, తప్పేం లేదు, అలా గీశామని చెప్తే. కానీ కొలిచిన అంకెల పట్టికలో పెట్టడం వేరు. తను ఆ గడి ఖాళీగా వదిలేసింది. పక్కన 'వాతావరణం బాగోలేక కొలవలేదు' అని రాసింది. తన చుక్క ఉన్నచోట గ్రాఫులో తెల్లటి సందు. సిద్ధాంతంలో తను అనుకున్న మాట అంత గట్టిగా చెప్పలేకపోయింది. 'ఇక్కడ మార్పు ఉండే అవకాశం ఉంది' దగ్గర ఆగిపోయింది.

సరంగు గారు చేసింది సరైన పని అని నాకు అప్పుడూ సందేహం లేదు, ఇప్పుడూ లేదు. ఆ అమ్మాయి పోగొట్టుకున్నది చిన్నది కాదని కూడా తెలుసు. ఈ రెండూ ఒకే రాత్రి జరిగాయి. దేన్నీ తగ్గించి చెప్పడానికి లేదు. సైన్సు వార్తల్లో మనకి ఎప్పుడూ గీత కనిపిస్తుంది, ఆ గీతలో సందులు ఎందుకున్నాయో కనిపించదు. నన్నడిగితే ఒక డేటా పట్టికని నమ్మొచ్చా లేదా అనడానికి అందులో ఖాళీలు ఎలా రాశారో చూస్తే సగం తెలిసిపోతుంది.

మిగతా పనులు

రోజంతా సీటీడీయే కాదు. సన్నటి వల దింపి పాచి, సూక్ష్మ జీవాల్ని పట్టడం ఉంటుంది. కొన్ని జీవులు పగలు లోతుకి పోయి రాత్రి పైకొస్తాయి కాబట్టి ఒకేచోట రెండుసార్లు వల వేస్తారు. అడుగు బురదలోకి గొట్టం దించి స్తంభంలా తవ్వి తేవడం ఇంకోటి. లోతు సముద్రంలో మట్టి వెయ్యేళ్లకి కొన్ని సెంటీమీటర్లే పేరుకుంటుంది. చేతికొచ్చిన మీటరు బురద అంటే వేల ఏళ్ల డైరీ. పాత రుతుపవనాలు ఎలా ఉండేవో అందులో చదువుతారు. ఇంకా లోతుకి తవ్వాలంటే డ్రిల్లింగ్ ఓడలు కావాలి. 2006లో జాయిడెస్ రిజల్యూషన్ అనే ఓడ మన కృష్ణా-గోదావరి తీరం బయట తవ్వితే మంచులో చిక్కుకున్న మీథేన్ దొరికింది.

నాకు ఇష్టమైన పని ఆర్గో ఫ్లోట్ వదలడం. మనిషంత పొడుగున్న పసుపు గొట్టాన్ని తాడుతో మెల్లగా నీళ్లలోకి దింపి వదిలేస్తాం. అది వెయ్యి మీటర్ల లోతులో కొట్టుకుపోతూ ఉండి, పది రోజులకోసారి రెండు వేల మీటర్లకి దిగి, అక్కణ్నుంచి కొలుచుకుంటూ పైకొచ్చి, ఉపగ్రహానికి మెసేజ్ పంపి, మళ్లీ మునిగిపోతుంది. ప్రపంచమంతా సుమారు నాలుగు వేలు ఇలా తిరుగుతున్నాయి. మన దేశం వదిలిన వాటి లెక్కలు చూసేది ఇన్‌కాయిస్. ఆఫీసు ఎక్కడో తెలుసా? సముద్రం వాసన కూడా రాని హైదరాబాద్‌లో, ప్రగతినగర్ దగ్గర. సునామీ హెచ్చరికలు, మత్స్యకారులకి చేపలుండే చోట్ల సమాచారం, పెద్ద అలల హెచ్చరికలు అక్కణ్నుంచే వస్తాయి.

'ఫ్లోట్లు ఉంటే ఇక ఓడలెందుకు?' అని అడగొచ్చు. ఫ్లోట్ ఉప్పు సరిగ్గా కొలుస్తోందా లేదా అని సరిచూడాలంటే ఓడ తెచ్చిన నీళ్లే ఆధారం. బురద తేవాలన్నా, లంగరేసిన బోయాలు మార్చాలన్నా ఓడే దిక్కు. ఆ బోయాలది ఇంకో కథ. తేలే వస్తువు కింద చేపలు చేరతాయి. చేపలున్నచోటికి పడవలొస్తాయి, బోయాకి తాడు కడతాయి. సెన్సార్లు విరుగుతాయి, తుఫాను రోజున అంకెలు ఆగిపోతాయి. చేపలవాళ్లని తిట్టడం తేలిక. వాళ్లకి అది ఆరోజు కూడు. తమ పడవకొచ్చే తుఫాను కబురు ఆ బోయా నుంచే వస్తోందని వాళ్ల రేవులో కూర్చుని చెప్పినచోట మాట వింటారు.

ఫోన్ లేని నెల

మీకందరికీ ఉన్న అసలు ప్రశ్న ఇదే కదా. తీరం కనుమరుగైన కాసేపటికి సిగ్నల్ పోతుంది. ఓడలో ఉపగ్రహ ఇంటర్నెట్ ఉంటుంది గానీ దాన్ని అందరూ పంచుకోవాలి. మా ఓడలో మెసేజ్ వెళ్తే గొప్ప, రీల్స్ మర్చిపోవడమే. మొదటి వారం చెయ్యి దానంతటదే జేబులోకి వెళ్తుంది. తర్వాత క్యారమ్స్ మొదలవుతుంది. బోర్డు ఊగుతుంది కాబట్టి స్ట్రైకర్ ఎటు పోతుందో దేవుడికే తెలియాలి.

అన్నం విషయానికొస్తే ఆకుకూరలు, టమాటాలు మొదటి పది రోజులు. తర్వాత క్యాబేజీ, బంగాళాదుంప, ఉల్లిపాయ, పప్పు. ఇరవయ్యో రోజుకి పచ్చి కొత్తిమీర కలలోకొస్తుంది. అందుకే అనుభవమున్నవాళ్లు ఆవకాయ సీసాలు తెస్తారు, సీసా ఉన్నవాడికి స్నేహితులు ఎక్కువ. వంటవాళ్లు మాత్రం ఓడ ఎంత ఊగినా నాలుగు పూటలా టైముకి వండి పెడతారు. మరుగుతున్న పప్పు గిన్నె పక్కకి ఒరిగే వంటగదిలో నిలబడటం కన్నా మా ల్యాబు పని సుఖమే.

ఇక బాధల్లోకి వస్తే, ఇంట్లో ఏదైనా జరిగితే వెంటనే రాలేరు. మా ట్రిప్పులో ఒకాయన తండ్రి చనిపోయిన కబురు మెయిల్‌లో వచ్చింది. రేవు నాలుగు రోజుల దూరం. ఆయన రెండో రోజు నుంచి మళ్లీ వంతుకి వచ్చారు, 'క్యాబిన్‌లో కూర్చుని ఏం చెయ్యను' అంటూ.

మరి మనం వెళ్లొచ్చా?

వెళ్లొచ్చు. రెండు దారులున్నాయి. సైన్సు వైపైతే ఫిజిక్స్, కెమిస్ట్రీ, జువాలజీ, జియాలజీ, ఇంజినీరింగ్ ఏదైనా పనికొస్తుంది. ఆంధ్రా యూనివర్సిటీలో వాతావరణం, సముద్రశాస్త్రం చెప్పే విభాగం ఉంది. గోవా సంస్థకి విశాఖలో ప్రాంతీయ కేంద్రం ఉంది. నెట్, గేట్ రాస్తే పీహెచ్‌డీకి దారి. ఓడ నడిపే వైపైతే టెన్త్ తర్వాత ఆరు నెలల జీపీ రేటింగ్ కోర్సుతో డెక్కు మీదికో, ఇంజిన్ గదిలోకో రావచ్చు. చేరేముందు ఆ సంస్థకి డీజీ షిప్పింగ్ గుర్తింపు ఉందో లేదో చూసుకోండి. ఉద్యోగం పేరుతో డబ్బులడిగే ఏజెంట్లకి దూరంగా ఉండండి.

అమ్మాయిలకి ఒక మాట. అట్లాంటిక్ అడుగు మ్యాపు గీసి, మధ్యలో పెద్ద చీలిక ఉందని 1950లలో పట్టుకున్న మేరీ థార్ప్‌ని ఆ రోజుల్లో పరిశోధన ఓడ ఎక్కనివ్వలేదు. ఆడవాళ్లు ఓడలో ఉండకూడదన్నారు. మగవాళ్లు తెచ్చిన అంకెలతో ఒడ్డున కూర్చుని గీసింది. మన దేశంలో గోవా సంస్థ శాస్త్రవేత్త అదితి పంత్, సుదీప్తా సేన్‌గుప్తాతో కలిసి 1983లోనే ఓడెక్కి అంటార్కిటికా వెళ్లారు. నేను వెళ్లిన ట్రిప్పుల్లో సైన్సువాళ్లలో మూడో వంతు అమ్మాయిలమే. డెక్కు సిబ్బందిలో ఒక్కరు కూడా లేరు. అది మారాల్సి ఉంది.

నచ్చనిదీ చెప్పాలి. ప్రాజెక్టు ఉద్యోగాలు కాంట్రాక్టువి. ప్రాజెక్టు అయిపోతే ఉద్యోగమూ అయిపోతుంది, నాకూ అదే జరిగింది. ఇంకోటి, పరిశోధన పత్రం అచ్చయినప్పుడు పైన శాస్త్రవేత్తల పేర్లుంటాయి. చివర్లో 'ఓడ కెప్టెన్‌కి, సిబ్బందికి కృతజ్ఞతలు' అని ఒక్క వాక్యం. తాడు పట్టుకున్న చేతికి పేరుండదు. పేర్లు రాయడానికి అదనంగా రెండు లైన్లు చాలు, ఏ పత్రికా దానికి డబ్బులడగదు.

నా రూమ్మేట్ తన సిద్ధాంతంలో ఆ పని చేసింది. సరంగు గారి పేరు, ఆ కుర్రాడి పేరు, విన్చి నడిపినాయన పేరు, ఇద్దరు వంటవాళ్ల పేర్లు, అన్నీ పూర్తిగా రాసింది. ఆ పేజీ ఫొటో తీసి బాబాయ్‌కి వాట్సాప్‌లో పంపాను. ఆయన ఇంగ్లిషు చదవలేరు. వాళ్ల మనవరాలు చదివి వినిపించిందట. ఫోన్ చేసి, 'ఇంతకీ ఆ ఒగ్గేసిన చోటు మళ్లీ ఎవులైనా కొలిసేరా తల్లీ?' అని అడిగారు.

ఇంకా లేదు బాబాయ్ అన్నాను.